పొడుగు వెన్ను, గతుకుల దారి

డాష్‌హండ్‌నూ లాబ్రడార్‌నూ పక్కపక్కన పడుకోబెట్టి ఎక్స్-రే తీసి వెన్నుపూసలు లెక్కపెడితే లెక్క ఒకటే వస్తుంది. మెడలో 7, పక్కటెముకలు తగులుకున్న వీపులో 13, నడుములో 7. మన వీధికుక్కకూ అంతే, తోడేలుకూ అంతే. బెత్తెడు కాళ్ల మీద బారెడు ఒళ్లు మోస్తున్నట్టు కనిపించే డాష్‌హండ్‌కు అదనంగా ఒక్క పూస కూడా లేదు. అయినా బొలెరో వెనక సీటు మీంచి లాబ్రడార్ దూకితే ఒళ్లు దులుపుకుని తన దారిన తాను పోతుంది. అదే ఎత్తు నుంచి దూకిన డాష్‌హండ్‌లలో కొన్ని ఆ రాత్రికి మూలకు చేరి వణుకుతాయి, తెల్లారేసరికి వెనక కాళ్లు ఈడుస్తాయి. పూసలు అవే అయినప్పుడు తేడా ఎక్కడొచ్చింది?

త్రిపురాంతకం వైపు ఈ మాట అడిగితే ముందు రోడ్డునే తిడతారు. వినుకొండ దాటి త్రిపురాంతకం, అక్కణ్నుంచి మార్కాపురం, కంభం, గిద్దలూరు. ఇటు తిరిగితే దోర్నాల, శ్రీశైలం ఘాటు. ఊరి మొదట్లో ఒక స్పీడ్ బ్రేకరు, చివర్లో ఒకటి, మధ్యలో బడి దగ్గర మరొకటి. తిట్టడంలో న్యాయం లేకపోలేదు. కాకపోతే నిందితుల జాబితాలో రోడ్డు పేరు కింద ఎక్కడో వస్తుంది. మొదటి పేరు, కుక్క పుట్టకముందే దాని ఒంట్లో చేరిన ఒక జన్యువుది. రెండోది మనం దాన్ని బండి ఎక్కించే, దించే తీరుది. మూడోది ఎండది. ప్రాణాల లెక్క చూస్తే మాత్రం ఈ వైపు ఎండనే మొదట రాయాలి.

ముదిరిన ముంజె

రెండు వెన్నుపూసల మధ్య ఒక డిస్కు ఉంటుంది. చుట్టూ పీచుతో అల్లిన గట్టి వలయం, లోపల నీళ్లు నిండిన జిగురుముద్ద. కుక్క పరుగెత్తినా, వంగినా, ఒళ్లు విరుచుకున్నా పూసల మీద పడే ఒత్తిడిని ఆ ముద్ద అన్ని వైపులకూ సమంగా పంచుతుంది. వలయం దాన్ని బయటికి పోనివ్వకుండా కాస్తుంది.

లేత తాటిముంజెను వేలితో నొక్కితే లోపల నీళ్లు కదులుతాయి, వేలు తీస్తే మళ్లీ నిండుగా అవుతుంది. అదే ముంజె ముదిరితే బిరుసెక్కి పంటికి అందదు, నొక్కితే సర్దుకునే గుణం పోతుంది. మామూలు కుక్కల్లో డిస్కు ఇలా ముదరడానికి చాలా ఏళ్లు పడుతుంది. డాష్‌హండ్‌లో ఏడాది నిండకముందే మొదలవుతుంది. నీటిని పట్టి ఉంచే పదార్థం తగ్గిపోయి, జిగురు ఉండాల్సిన చోట బిరుసైన మృదులాస్థి చేరి, అందులో సున్నం పేరుకుంటుంది. మామూలు డిస్కు ఎక్స్-రేలో కనిపించదు, పూసకూ పూసకూ మధ్య ఖాళీ జాగా మాత్రమే ఉంటుంది. సున్నం పట్టిన డిస్కు తెల్లగా తేలుతుంది. ఫిన్లండ్, డెన్మార్క్, నార్వే దేశాల్లో రెండేళ్లు నిండిన డాష్‌హండ్‌లకు వెన్ను ఎక్స్-రే తీసి, ఆ తెల్ల డిస్కులు లెక్కపెట్టి, ఎక్కువ ఉన్నవాటితో పిల్లలు పెట్టించవద్దని చెబుతారు.

ముదిరిన ముద్ద ఒత్తిడిని పంచదు. పడిన బరువంతా వలయంలో ఒక పక్క మీదే పడుతుంది, అక్కడి పీచులు ఒకటొకటిగా తెగుతాయి. వెన్నుపాము ఉన్న పై వైపు వలయం, పొట్ట వైపు కన్నా బాగా పల్చన. అందుకే తెగేది ఎక్కువగా అటే. ఒకరోజు ఏదో ఒక కదలికకు, అది సోఫా దిగడం కావచ్చు, వీధిలో పిల్లిని చూసి గిరుక్కున తిరగడం కావచ్చు, ఆ సున్నపు ముద్ద పగులులోంచి చిమ్మి వెన్నుపామును గుద్దుతుంది. దెబ్బ ఒకటి, ఆ తర్వాత నొక్కుడు ఒకటి. రెండూ కలిసి వెనక కాళ్లకు వెళ్లే సంకేతాలను ఆపేస్తాయి.

స్వీడన్ పశువైద్యుడు హాన్సెన్ 1950ల మొదట్లో ఈ రోగాన్ని రెండు రకాలుగా విడదీశాడు. ఇలా ఉన్నపళంగా చిమ్మేది మొదటి రకం. పెద్ద జాతి కుక్కల్లో వయసు పైబడ్డాక వలయం మెల్లగా ఉబ్బేది రెండో రకం. డాష్‌హండ్‌లలో సుమారు ప్రతి నాలుగైదింటిలో ఒకటి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మొదటి రకం బారిన పడుతుంది. ఎక్కువగా మూడేళ్లకూ ఏడేళ్లకూ మధ్య, అంటే అది మంచి హుషారులో ఉండే వయసులోనే.

కాళ్లు కురచ చేసిందే వెన్నునూ చెడగొట్టింది

నిజానికి డాష్‌హండ్ వెన్ను మనం అనుకున్నంత పొడుగు కాదు. కాళ్లు కురచ కాబట్టి ఒళ్లు పొడుగ్గా కనిపిస్తుంది. కలుగులో దూరి వేటాడాలని జర్మనీ వేటగాళ్లు తరతరాలుగా కురచకాళ్ల వాటినే ఏరి పెంచారు. వాళ్లు ఏరింది కాళ్లను. కాళ్లతో పాటు వచ్చిందేమిటో బయటపడటానికి ఈ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది.

ఎముక పొడవు పెరిగేది దాని చివరనుండే మృదులాస్థి పొరలో. ఆ పెరుగుదలను ఎప్పుడు ఆపాలో చెప్పే సంకేతాల్లో ఒక జన్యువుకు పాత్ర ఉంది. దాని పేరు ఎఫ్‌జీఎఫ్4. కురచకాళ్ల కుక్కల్లో ఈ జన్యువుకు ఒక అదనపు నకలు తయారై, ఉండకూడని చోట, 18వ క్రోమోజోములో అతుక్కుని ఉందని 2009లో అమెరికా పరిశోధకులు కనిపెట్టారు. 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణం బృందం 12వ క్రోమోజోములో మరో నకలును పట్టుకుంది. ఈ రెండోది కాళ్లను కురచ చేయడంతో ఆగదు, డిస్కులను కూడా చిన్నప్పుడే ముదరబెడుతుంది. డిస్కులోనూ మృదులాస్థి తరహా కణాలే ఉంటాయి గనక ఎముక చివర పనిచేసే తప్పుడు సంకేతం అక్కడా పనిచేస్తుంది. డాష్‌హండ్‌లో సాధారణంగా రెండు నకళ్లూ ఉంటాయి.

ఇందుకు సాక్ష్యం కావాలంటే బీగిల్‌ను చూడండి. దాని ఒళ్లు పొడుగు కాదు, కాళ్లు మరీ పొట్టి కాదు. కానీ 12వ క్రోమోజోములోని నకలు దానికీ ఉంది, డిస్కు జబ్బూ ఉంది. పెకినీస్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, కాకర్ స్పానియల్ కూడా ఇదే జాబితాలోవి. మీ ఇంట్లో ఉన్నది డాష్‌హండ్ కాకపోయినా వీటిలో ఒకటైతే ఈ వ్యాసం మీదే.

పొడవుకు పాత్ర బొత్తిగా లేదనలేం. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2013లో కుక్కల ఒళ్లు కొలిచి చూస్తే, ఎత్తుతో పోలిస్తే వీపు పొడుగైన కొద్దీ, ఒంట్లో కొవ్వు పెరిగిన కొద్దీ ముప్పు పెరిగింది. పొడవు మన చేతిలో లేదు, కొవ్వు ఉంది. పెద్ద రకం డాష్‌హండ్ 7 నుంచి 14 కిలోలు ఉండొచ్చు, మినియేచర్ 5 కిలోలు దాటకూడదు. పక్కల మీద చేయి వేస్తే పక్కటెముకలు తెలియాలి. పెరుగన్నం, పార్లే-జీ, భోజనాల దగ్గర జాలిపడి విసిరే ముక్కలు కలిసి మన ఇళ్లలోని డాష్‌హండ్‌లను దిండ్లు చేస్తున్నాయి. ప్రయాణానికి సన్నాహం అక్కణ్నుంచే మొదలు కావాలి.

పదో పక్కటెముక దాటాక

డిస్కులు వెన్ను పొడవునా ఉన్నాయి, ముదిరేవి కూడా అన్నిచోట్లా ఉన్నాయి. అయినా ఎక్కువగా పగిలేవి ఒకే చోట, చివరి పక్కటెముకలు ముగిసి నడుము మొదలయ్యే దగ్గర. కారణం కుక్క కట్టుబడిలోనే ఉంది. రెండో జత పక్కటెముకల నుంచి దాదాపు పదో జత దాకా, కుడి పక్కటెముక తలనూ ఎడమ పక్కటెముక తలనూ కలుపుతూ, డిస్కుకూ వెన్నుపాముకూ మధ్యగా ఒక చిన్న తాడులాంటి కట్టు అడ్డంగా సాగుతుంది. డిస్కు చిమ్మబోయినా ఆ కట్టు ఆపుతుంది. చివరి జతల దగ్గర అది లేదు. పైగా పక్కటెముకలున్న భాగం పెద్దగా వంగదు, నడుము బాగా వంగుతుంది. బిగుసుకున్న భాగమూ వదులు భాగమూ కలిసే చోట మెలి అంతా పడుతుంది. కాపలా లేనిది అక్కడే, పని ఎక్కువైనదీ అక్కడే.

కాబట్టి ప్రయాణంలో కాపాడుకోవాల్సింది ప్రధానంగా ఆ జానెడు జాగాను. అది ఊగకూడదు, మెలి తిరగకూడదు, గాల్లో వేలాడకూడదు. ఇక్కణ్నుంచి చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఈ మూడింటికే.

దూకుడు లెక్క

రెండడుగుల ఎత్తు సీటు మీంచి దూకిన ఏ కుక్కయినా నేలను తాకేటప్పుడు గంటకు దాదాపు 12 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. పొట్టిదైనా, పొడుగుదైనా, బరువైనా, తేలికైనా వేగం ఒకటే. తేడా ఆ వేగం ఎంత దూరంలో ఆగుతుందన్న దాంట్లో ఉంది. లాబ్రడార్ తన పొడుగు ముందుకాళ్లను, భుజాలను మడిచి ఒక అరడుగు మేర కిందికి జారుతూ ఆగుతుంది. డాష్‌హండ్‌కు మడవడానికి కాలే లేదు. రెండంగుళాల్లో ఆగాలి. ఆగే దూరం మూడో వంతయితే దెబ్బ మూడింతలు. అది కూడా ముందుకాళ్లు తాకి ఆగిపోయాక, వెనక భాగం ఇంకా కిందికి వస్తూ ఉంటుంది. ఆ తేడాను భరించేది నడుమే.

ఇక్కడ ఒక చిక్కుంది, దాచడం నాకిష్టం లేదు. బ్రిటన్‌లో 2015లో డాష్‌హండ్ యజమానులతో ఒక పెద్ద సర్వే జరిగింది. దానిలో ఎక్కువసేపు నడిచే కుక్కలకు, ఇంట్లో సోఫాలు మంచాలు ఇష్టం వచ్చినట్టు ఎక్కి దూకే కుక్కలకు వెన్ను జబ్బు తక్కువగా కనిపించింది. దూకితేనే మంచిదని అర్థం చేసుకోకూడదు. నడుము నొప్పి ఉన్న కుక్కను యజమాని దూకనివ్వడు, అది కూడా దూకదు. కాబట్టి దూకే గుంపులో మొదటినుంచీ బలమైనవే మిగులుతాయి. కానీ సర్వే చెప్పిన రెండో సంగతి కొట్టిపారేయలేనిది. రోజూ నడిచి కండ పట్టిన కుక్క నడుము, గదిలో పడుకుని పెరిగిన కుక్క నడుము కన్నా గట్టిది. వెన్ను మీద భయంతో నడక మాన్పించేవాళ్లు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తున్నారు.

బండి దిగే దూకుడు సోఫా దూకుడు కాదు. ఇంట్లో సోఫా అడుగున్నర ఎత్తు, కుక్కకు తెలిసిన నేల. ప్రయాణంలో రెండు మూడు గంటలు ముడుచుకుని పడుకుని కండరాలు బిగుసుకున్నాక, కొత్త ఊరి వాసన తగిలిన ఉత్సాహంలో, ఇంకా ఎత్తు నుంచి, కంకర మీదికో గుంతలోకో దూకుతుంది. అందుకే బండి తలుపు తీసే ముందు కుక్క మీ చేతిలో ఉండాలి. చాలామంది తలుపు తీశాక పట్టుకోబోతారు, అప్పటికి అది కింద ఉంటుంది.

ఎత్తలేని బరువైతే ఏటవాలు చెక్క వాడండి. ఏ వడ్రంగిని అడిగినా నాలుగడుగుల చెక్కకు గోనెపట్టా దిగ్గొట్టి ఇస్తాడు. జారుడు ఉంటే కుక్క దాన్ని ఒక్కసారి తొక్కి మళ్లీ తొక్కదు, అందుకని గోనె ముఖ్యం. ఇంటి దగ్గర నేల మీద పరిచి నడిపించి, తర్వాత అరుగు మీదికి, ఆ తర్వాతే బండికి.

▣ ఎత్తుకోవడం ఇలా

చంకల కింద రెండు చేతులు పెట్టి పసిపిల్లలా పైకి లేపడం మనందరికీ అలవాటు. డాష్‌హండ్‌ను అలా లేపితే వెనక భాగం బరువంతా నడుము నుంచి వేలాడుతుంది. కుడిచేయి రొమ్ము కింద, ఎడమచేయి తొడల కింద వేసి, వీపు నేలకు సమంగా ఉండేలా ఒకేసారి ఎత్తాలి. ఒంటికి హత్తుకుని నడవాలి. దించేటప్పుడు నాలుగు కాళ్లూ నేల తాకేదాకా చేతులు తీయొద్దు. పిల్లలకు ఎత్తుకోమని ఇవ్వొద్దు. కూర్చోబెట్టి వాళ్ల ఒళ్లో పడుకోబెట్టండి, చాలు.

బండిలో ఎక్కడ?

కిటికీలోంచి తల బయటపెట్టిన డాష్‌హండ్‌ను దగ్గరగా చూడండి. ముందుకాళ్లు తలుపు మీది చేతి ఆనికపై, వెనక కాళ్లు సీటు మీద. ఒళ్లంతా ఏటవాలుగా లేచి, బరువు వెనక నడుము మీద పడి ఉంటుంది. స్పీడ్ బ్రేకరు వస్తుంది. ముందు చక్రాలు లేచినప్పుడు వెనక్కి తూలుతుంది, దిగినప్పుడు ముందుకు. రెక్సిన్ సీటు కవరు మీద గోళ్లు ఆనవు, వెనక భాగం పక్కకు జారుతుంది, ముందు భాగం మాత్రం తలుపును పట్టుకునే ఉంటుంది. నడుము ఒక వంపు, ఒక మెలి రెండూ ఒకేసారి తింటుంది. రోడ్డు మీద మనం భయపడాల్సిన దృశ్యం ఇదే, కుక్కకు మాత్రం సరదా. పాత కార్లలో ఆ కవరు మీద గోళ్ల గీతలు చూస్తే ఎన్నిసార్లు జారిందో తెలుస్తుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటడానికి ఆ కొలత. ఊళ్లలో రాత్రికి రాత్రి పోసిన కుప్పలకు ఆ వెడల్పు ఉండదు. వెడల్పు తగ్గితే చక్రం అదే ఎత్తును తక్కువ సమయంలో ఎక్కి దిగుతుంది, కుదుపు పెరుగుతుంది. ఆ కుదుపు కారంతటా ఒకేలా ఉండదు. రెండు జతల చక్రాలకు నడిమధ్యన తక్కువ, వెనక చక్రాల మీద, దాన్ని దాటి డిక్కీలో ఎక్కువ. ఆర్టీసీ బస్సులో చివరి సీటులో కూర్చున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కుక్క చోటు ముందు సీటు వెనకాల, కాళ్లు పెట్టుకునే జాగాలో. అది కారు మధ్యకు దగ్గర, నేలకు దగ్గర, కిటికీకి దూరం.

ఆ జాగాలో పట్టే బోను లాంటి క్రేటు అన్నిటికన్నా మేలు. కుక్క లేచి నిలబడి ఒకసారి తిరగగలిగేంత ఉంటే చాలు, ఇంకా పెద్దదైతే లోపలే దొర్లుతుంది. కారుకు అడ్డంగా పెట్టండి. అప్పుడు బ్రేకు పడితే కుక్క తల నుంచి తోక దాకా ఒక పక్కంతా క్రేటు గోడకు ఆనుతుంది, బలం ఒక్క చోట పడదు. కింద మెత్తటి స్పంజి పరుపు వేయొద్దు. మధ్యలో కుంగి నడుమును కిందికి లాగుతుంది. పాత చీరలతో కుట్టిన బొంత రెండు మడతలు వేసి పరిస్తే గట్టిగానూ ఉంటుంది, జారదు కూడా. క్రేటును సీటుకు ఆనించి పట్టీతో బిగించాలి, వదులుగా వదిలేస్తే అదే ఎగిరిపడుతుంది.

క్రేటు లేకపోతే ఛాతీ చుట్టూ వెడల్పుగా పట్టే హార్నెస్‌ను సీటుబెల్టుకు పొట్టి పట్టీతో కట్టొచ్చు. మెడపట్టీకి మాత్రం కట్టకండి. సడెన్ బ్రేకు పడితే మెడ డిస్కుల మీద, గొంతు మీద బరువు పడుతుంది. హార్నెస్‌ల మీదా మరీ నమ్మకం వద్దు. 2013లో అమెరికాలో కారు ప్రమాదాన్ని అనుకరించి వాటిని పరీక్షిస్తే, అన్ని సైజుల్లోనూ నిలబడింది ఒకే ఒక్కటి. పైగా పొడుగొంటి కుక్కకు హార్నెస్ ముందు సగాన్నే పడుతుంది, వెనక సగం విసురుకు పక్కకు తిరుగుతుంది.

ఒళ్లో కూర్చోబెట్టుకుంటే? 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేన్నయినా గుద్ది సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. 9 కిలోల కుక్క ఆ క్షణంలో సుమారు 125 కిలోల బలంతో ముందుకు పోతుంది. ఎంత ప్రేమ ఉన్నా చేతులతో అది ఆగదు. ముందు సీటులో ఒళ్లో కుక్క ఉంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుని కుక్కనే మొదట గుద్దుతుంది.

స్కూటీ గురించి కూడా చెప్పాలి, మన వైపు సగం ప్రయాణాలు దాని మీదే. ఫుట్‌బోర్డు మీద నిలబెట్టి తీసుకెళ్తుంటే కుక్క ప్రతి గుంతకూ నాలుగు కాళ్లతో కాచుకుంటుంది. దానికి ముందు ఏం వస్తుందో కనిపించదు, కాబట్టి ప్రతి కుదుపూ హఠాత్తుగానే తగులుతుంది. పశువుల డాక్టరు దగ్గరికి ఊళ్లోనే పోవాలంటే వెనక కూర్చున్న మనిషి దాన్ని అడ్డంగా ఒళ్లో పడుకోబెట్టుకుని, మెల్లగా పోవచ్చు. త్రిపురాంతకం నుంచి మార్కాపురం దాకా అయితే వద్దు, ఆటో మాట్లాడుకోండి.

ఎండ ముందు వెన్ను ఎంత

మనిషి ఒళ్లంతా చెమట పోసి చల్లబడతాడు. కుక్కకు చెమట పాదాల అడుగున కాస్త, అంతే. మిగతాదంతా నాలుక చాచి రొప్పడమే. నోటి తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉంటుంది. బయటి గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపూ ఒంటి వేడి కొంత గాలిలోకి కూడా పోతుంది. గాలే 42 డిగ్రీలుంటే ఆ దారి మూసుకుపోయి, గాలి వేడే కుక్కకు ఎక్కడం మొదలవుతుంది. ఇక రొప్పుడొకటే దిక్కు.

త్రిపురాంతకం, మార్కాపురం ఎండ పొడి ఎండ. పొడి గాలిలో తడి తొందరగా ఆవిరవుతుంది గనక ఒంగోలు తీరపు ఉక్కపోత కన్నా ఇక్కడ రొప్పుడు బాగా పనిచేస్తుంది. కానీ నీళ్లు కూడా అంతే తొందరగా అయిపోతాయి. గంటకోసారి బండి ఆపి నీళ్లు పట్టకపోతే ఆ ఒక్క దారీ పోతుంది. అద్దాలు మూసిన ఆగిన కారులో రెండు ఇబ్బందులూ కలుస్తాయి. వేడి పెరుగుతుంది, కుక్క ఊపిరితోనే లోపలి గాలిలో తేమా పెరుగుతుంది. స్టాన్‌ఫర్డ్ వైద్యులు 2005లో ప్రచురించిన కొలతల్లో ఎండలో ఆపిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. ఆ పెరుగుదలలో ఎనభై శాతం మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించినందువల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బయట 40 ఉన్న రోజున అదే లెక్క వేస్తే లోపల 60 దాటుతుంది.

కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరీ దేవి. రెండు దర్శనాలూ అయ్యేసరికి గంట దాటుతుంది. గుడిలోకి కుక్క రాదు. కాబట్టి ఇంటి మనిషి ఒకరు కుక్కతో నీడలో ఆగాలి, తర్వాత వంతులు మార్చుకోవాలి. కారులో పెట్టి తాళం వేసి ‘ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం’ అనుకునేవాళ్లు క్యూ పొడవు చూడకుండా అనుకుంటారు.

డాష్‌హండ్‌కు ఎండ కింది నుంచి కూడా తగులుతుంది. దాని పొట్టకూ తారురోడ్డుకూ మధ్య బెత్తెడు ఎడం. మధ్యాహ్నం రోడ్డు మీద మీ చేతి వెనక భాగం పెట్టి కొన్ని సెకన్లయినా ఉంచలేకపోతే కుక్కను అక్కడ దించకండి. వేసవిలో తెల్లవారుజామునే బయల్దేరి పది గంటల లోపు చేరడం ఒక్కటే మంచి ఉపాయం. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టకుంటే వాంతులూ తప్పుతాయి.

నాలుక ఎర్రబడి, చొంగ చిక్కగా కారుతూ, నడక తూలిందంటే వడదెబ్బ. ఒంటి వేడి 41 దాటితే పేగులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. డాక్టరు దగ్గరికి పరుగెత్తే ముందు నీడకు చేర్చి, ఒళ్లంతా తడిసేలా నీళ్లు పోసి గాలి విసరండి, ఆ తర్వాతే బండి తీయండి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే అది వేడెక్కి దుప్పటవుతుంది.

నల్లమలలో తలుపు తీయొద్దు

దోర్నాల దాటాక నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. ఘాటు మలుపుల్లో క్రేటు లోపల కుక్క పక్కలకు దొర్లకుండా రెండు వైపులా దుప్పటి మడతలు పెట్టండి. మూత్రానికని అడవిలో దించకండి. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారమన్న సంగతి ఒకటి. కుక్కల నుంచి అడవి జంతువులకు పాకే డిస్టెంపర్ వైరస్ ఇంకొకటి. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో మూడో వంతు సింహాలను అది చంపింది. 2018లో గిర్ సింహాల చావుల వెనకా ఆ వైరసే బయటపడింది. మీ కుక్కకు టీకా వేసి ఉన్నా సరే, దోర్నాలలోనే దించి తిప్పి ఎక్కించండి. రాత్రిపూట ఈ దారిలో రాకపోకలు ఆపేస్తారు, కాబట్టి అవతల కుక్కకు ఏదైనా అయితే తెల్లారేదాకా ఆగాల్సి వస్తుందని కూడా గుర్తుంచుకోండి. నడుము నొప్పి ఛాయలున్న కుక్కతో శ్రీశైలం ప్రయాణమే వాయిదా వేసుకోవాలి.

రైలైతే

గుంటూరు–నంద్యాల మార్గంలో మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లున్నాయి. కుదుపుల విషయంలో పట్టాలు రోడ్డు కన్నా నయం. చిక్కు రైల్వే నిబంధనల్లో ఉంది. ఏసీ ఫస్ట్ క్లాసులోనో ఫస్ట్ క్లాసులోనో కూపేగానీ క్యాబిన్‌గానీ మొత్తం బుక్ చేసుకుంటేనే కుక్క మీతో ఉంటుంది. స్లీపరు, ఏసీ టూ టైర్, త్రీ టైర్, చైర్ కార్‌లలో కుదరదు. రెండో దారి బ్రేకు వ్యానులోని కుక్కల పెట్టె. అక్కడ మీరుండరు, కింద పరిచేదుండదు, వేసవిలో ఆ పెట్టె వేడి చెప్పనక్కర్లేదు. పొడుగు వెన్ను కుక్కకు ఆ పెట్టె వద్దనే అంటాను. ఏ బండిలో వెళ్లినా రేబిస్ టీకా కార్డు, పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం సంచిలో ఉండాలి. కుక్కల రవాణాకు ఆ పత్రం ఉండాలని 1978 నాటి జంతు రవాణా నిబంధనలే చెబుతున్నాయి.

▣ దారిలో నడుము పట్టేస్తే

మొదట కనిపించేవి చిన్న సంగతులు. వీపు గూనిలా పైకి లేస్తుంది, పొట్ట బిగిస్తుంది, ఎత్తుకోబోతే కుయ్యిమంటుంది, చలి లేకపోయినా వణుకుతుంది. నిలబెట్టి వెనక పాదాన్ని మెల్లగా మడిచి, పాదం పైభాగం నేలకు ఆనేలా పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క వెంటనే సరిచేసుకుంటుంది. మడిచింది మడిచినట్టే ఉంచేస్తే పాదం ఎక్కడుందో మెదడుకు తెలియడం లేదన్నమాట. అప్పుడిక నడిపించొద్దు. చెక్క పీట మీదో గట్టి అట్ట మీదో పడుకోబెట్టి, దుప్పటితో వదులుగా కట్టి తీసుకెళ్లండి.

మన మందుల డబ్బాలోంచి నొప్పి మాత్ర ఇవ్వకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపును, మూత్రపిండాలను పాడుచేస్తాయి. పైగా డాక్టరు వేరే మందు వాడాలన్నా అది అడ్డమవుతుంది.

నొప్పి, కాస్త తూలడం వరకే అయితే చాలా కుక్కలు కనీసం నాలుగు వారాలు క్రేటులో కదలకుండా ఉంచి మందులు వాడితే కోలుకుంటాయి. కాళ్లు పడిపోయినా, వేళ్లను గట్టిగా నొక్కినప్పుడు నొప్పి తెలుస్తూ ఉంటే శస్త్రచికిత్సతో పదింటిలో సుమారు తొమ్మిది మళ్లీ నడుస్తాయి. ఆ నొప్పి కూడా తెలియని స్థితికి చేరితే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. ఆ పరీక్ష చేయాల్సింది డాక్టరు, మీరు కాదు. మీ పని గంటలు పోకుండా చూడటం.

త్రిపురాంతకంలో గానీ మార్కాపురంలో గానీ పశువుల ఆసుపత్రి మొదటి మెట్టు. పశువైద్య కళాశాలలు ఇటు గన్నవరంలో, అటు తిరుపతిలో ఉన్నాయి. రెండూ ఇక్కణ్నుంచి గంటల ప్రయాణమే. సంచార పశువైద్య వాహనానికి ఫోన్ 1962. కుక్కకు వెన్ను శస్త్రచికిత్స చేసేవాళ్లు ఎక్కడున్నారో, రాత్రిపూట ఫోన్ ఎత్తుతారో లేదో మీ డాక్టరును అడిగి, ఆ నంబర్లు ఈ వారంలోనే ఫోన్‌లో ఎక్కించుకోండి.